ముప్ఫైసార్లు ఓడిన కారం దొర

మద్దిపాళెం కోటను ఏబెల్ ముప్ఫైసార్లు ముట్టడించాడు. ముప్ఫైసార్లూ ఓడిపోయాడు. ఓడిపోయిన ప్రతిసారీ ఊరంతా ఈలలు వేసి, మెళ్ళో బంతిపూల దండ వేసి, భుజం తట్టి ఇంటికి పంపింది. గెలిచినవాళ్ళకు కూడా అంత మర్యాద జరగదు.

పుత్తూరు నుంచి పడమటికి పదిహేను కిలోమీటర్లు పోతే మద్దిపాళెం. ఊరికి ఆనుకుని ఒక గుట్ట, గుట్ట మీద మూడు పక్కల గోడ, ఒక పెద్ద రాతి వాకిలి. నాలుగోపక్క గోడ ఏమయిందో తెలియాలంటే ఊళ్ళోని పాత ఇళ్ళ పునాదులు చూడాలి. ఏటా గంగజాతర అయిపోయిన మరుసటి రోజు, ఎండ కాస్త వాలగానే, ఆ వాకిలి ముందర 'కోట ముట్టడి' నాటకం ఆడతారు. రెండువందల ఇరవై ఏళ్ళ కిందట ఇంగ్లీషు కంపెనీ కెప్టెన్ ఒకడు ఫిరంగులతో వచ్చి కోటను చుట్టుముట్టాడు. అతని అసలు పేరు ఏమిటోగానీ ఊరి నోట్లో పడి కారం దొర అయ్యాడు. పాళెగాడు తిప్పరాజు నలభై రోజులు తలుపు తియ్యకుండా పోరాడి, నలభై ఒకటోరోజు గుర్రమెక్కి కోట దిగివచ్చి, ఫిరంగి నోట్లో కత్తి దూర్చి, దొర చేత కాళ్ళు పట్టించుకున్నాడు. నాటకం అక్కడితో ముగుస్తుంది. కాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఆ తర్వాత నూటయాభై ఏళ్ళు ఎట్లా ఏలారో నాటకం చెప్పదు, ఊళ్ళో ఎవరూ అడగరు.

తిప్పరాజు వేషం నారాయణ ఇంటి హక్కు. ఊరి మామిడితోటల్లో సగం వాళ్ళవే. తిప్పరాజు రక్తం కూడా తమలోనే పారుతోందని వాళ్ళ నమ్మకం. కారం దొర వేషానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. చివర్లో తన్నులు తిని కాళ్ళు పట్టుకునే వేషం ఎవరికి కావాలి? ఒక బడిపంతులు నాలుగేళ్ళు వేసి, బదిలీ చేయించుకుని పోయాడు. అప్పుడు, తొంభై ఒకటో సంవత్సరంలో, నారాయణ తండ్రి ఆది ఆంధ్రవాడకు కబురంపి ఏబెల్‌ను పిలిపించాడు.

"ఒరే ఏబేలూ, దొర వేషం నువ్వు కట్టల్ల. మీ దేవుడూ వాళ్ల దేవుడూ ఒగటే గదా."

ఏబెల్ తన చేతులకేసి చూసుకున్నాడు. అతని నలుపు మామూలు నలుపు కాదు. రేణిగుంట స్టేషన్లో పార్సిళ్ళు మోసీ మోసీ ఎండకు ఇంకా నిగ్గుతేలిన నలుపు.

"సామీ, నా రంగు సూస్తే..."

"రంగుదేముండాదిరా, పూసుకుంటే వస్తాది. మతం పూసుకుంటే వస్తాదా?"

అట్లా ఇరవైతొమ్మిదో ఏట అతను దొర అయ్యాడు.

దొరకు ఇంగ్లీషు రావాలి. ఏబెల్ చదివింది ఏడో తరగతి. కానీ అతను రేణిగుంట పార్సిల్ ఆఫీసులో కలాసీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నెత్తిమీద మైకు ఇంగ్లీషు మాట్లాడుతూనే ఉంటుంది. మొదటి ఏడు నాటకంలో కోట వాకిలి ముందు గుర్రం ఆపి, కత్తి పైకెత్తి, గొంతు చించుకుని అరిచాడు: "మే ఐ హ్యావ్ యువర్ కైండ్ అటెన్షన్ ప్లీజ్! ట్రైన్ నంబర్ సిక్స్ జీరో ఫోర్ ఫైవ్ ఫ్రమ్ గూడూర్ ఈజ్ అరైవింగ్ షార్ట్‌లీ ఆన్ ప్లాట్‌ఫామ్ నంబర్ త్రీ!" జనం ఊపిరి బిగబట్టారు. ముందు వరుసలో పసిబిడ్డ ఒకడు ఏడుపందుకున్నాడు. కడకు తిప్పరాజు కాళ్ళ మీద పడినప్పుడు తల దించుకుని, గద్గదంగా అన్నాడు: "ది ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్." ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళు ఊళ్ళో నలుగురైదుగురు ఉండేవాళ్ళు. వాళ్ళు కూడా సందర్భం కుదిరిందనే అనుకున్నారు.

దొర వేషం మీద ఏబెల్‌కు మమకారం పెరగడానికి ఇంకో కారణం ఉంది, అది అతను ఎవరికీ చెప్పలేదు. నాటకం రోజు మధ్యాహ్నం రంగు పూసేది నారాయణ ఇంటి వరండాలో. రంగు పూసేవాడికి వీలుగా ఉండాలి కాబట్టి ఏబెల్‌ను కుర్చీలో కూర్చోబెడతారు. ఆ రెండు గంటలూ ఏబెల్ వరండాలో, చేతులున్న కుర్చీలో, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు. నారాయణ భార్య మజ్జిగ పంపిస్తుంది. మిగతా మూడువందల అరవైనాలుగు రోజుల్లో ఎప్పుడైనా ఆ ఇంటికి పనిపడి పోతే మెట్ల దగ్గరే మాట్లాడి వచ్చేస్తాడు. కూర్చోవద్దని ఎవరూ అనరు. రైల్వే ఉద్యోగం వచ్చాక అతను నారాయణను 'సామీ' అనడం మానేసి 'అన్నా' అంటున్నాడు, నారాయణ పలుకుతున్నాడు కూడా. కాకపోతే ఆ సమయానికి కుర్చీలు ఎప్పుడూ లోపలే ఉంటాయి.

ఏబెల్ భార్య గ్రేసీ అంగన్వాడీలో ఆయా. ముప్ఫైసార్లలో ఒక్కసారి కూడా ఆమె నాటకం చూడలేదు. ఎర్రకోటు మాత్రం ఏటా ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చేది. "ఇంట్లో రోజూ సూస్తానే ఉండాను గదా దొరని, ఆడికొచ్చి సూసేదేముండాది?" అనేది.

ఏబెల్ రిటైరైన ఏడాది, మాఘమాసంలో, తిరుమలయ్య అనే ఆయన ఊళ్ళోకి దిగాడు. తిరుపతి కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. మద్దిపాళెం ఆయనకు అమ్మమ్మగారి ఊరు. కోట గురించి చిన్న పుస్తకం రాస్తానంటే నారాయణ ఎగిరి గంతేసి, అచ్చు వేయించే పూచీ నాదన్నాడు. తిరుమలయ్య మద్రాసు పోయి, ఎగ్మూరు రికార్డు ఆఫీసులో పాత కాగితాల మధ్య నెల రోజులు దగ్గుకుంటూ కూర్చుని, ఒక ఉత్తరం నకలు పట్టుకొచ్చాడు. కారం దొర తన పైఅధికారికి రాసిన ఉత్తరం. జాతర కమిటీని నారాయణ ఇంటి వరండాలో కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టాడు. దొర ఉత్తరం గనక దొరను కూడా పిలిచారు. ఏబెల్ మెట్ల దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

తిరుమలయ్య ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాడు. "తొమ్మిదో తేదీ రెండు ఫిరంగులతో మద్దిపాళెం చేరాం. పాళెగాడు తన కుటుంబంతో, ధాన్యంతో సహా ముందురోజే తిరుపతి కొండకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళిపోయాడని విన్నాం. కానీ లోపల పెద్ద దండు ఉన్నట్టు తెరిపి లేకుండా డప్పు పలకల మోత వినిపిస్తోంది. అందుచేత నాలుగు రోజులు ఆగాం. అయిదోరోజు తలుపు పగలగొట్టి చూస్తే లోపల ఉన్నది పదకొండుమంది. మునెయ్య అనే పలక వాయించేవాడు, అతని మనుషులు. ఎందుకు వాయించావని అడిగించాను. తాను తిరిగి వచ్చేదాకా ఆపవద్దని పాళెగాడు చెప్పి పోయాడట. అతన్ని వాకిట్లోనే కాల్పించాను. అందుకు చింతిస్తున్నాను. ఆ కోటలో సిపాయి అనదగినవాడు అతనొక్కడే."

కమిటీవాళ్ళు నారాయణ ముఖంకేసి చూశారు.

"సార్," అన్నాడు ఏబెల్ మెట్ల దగ్గర్నుంచి, "ఆడ 'రిగ్రెటెడ్' అని రాసుండాదా?"

అందరూ వెనక్కి తిరిగారు, స్తంభం మాట్లాడిందేమో అన్నట్టు.

"అవునయ్యా. ఆ మాటే ఉంది," అన్నాడు తిరుమలయ్య ఆశ్చర్యంగా. ముప్ఫై ఏళ్ళుగా తాను అంటున్న మాట అసలు దొర కూడా రాసిపెట్టి పోయాడని తెలిసి ఏబెల్ స్తంభం వదిలి నిటారుగా నిలబడ్డాడు.

నారాయణ గొంతు సవరించుకున్నాడు. "తిప్పరాజు తిరపతికి పోయినాడంటే మొక్కుకని ఎవురు జెప్పినారు సార్? దండును పిల్సకరావడానికి పోయింటాడు. ఇంగ్లీషోడు రాసిందే యేదమా?"

"తన గెలుపును వాడే తక్కువ చేసి రాసుకోవలసిన పనేముంది నారాయణగారూ? లోపల వెయ్యిమంది ఉన్నారని రాసుకుంటే వాడికి ప్రమోషన్ వచ్చేది."

కాఫీలు వచ్చాయి.

మీటింగ్ అయ్యాక తిరుమలయ్య ఆది ఆంధ్రవాడ దాకా ఏబెల్‌తో నడిచి వచ్చాడు. "జాతరనాడు కోటవాకిలి దగ్గర మొదటి పలకదెబ్బ మీ ఇంటివాళ్ళదేనటగా? మా అమ్మమ్మ చెప్పేది."

"మా తాత దాకా మాదే సార్. మా నాయన బాప్తిస్మం తీసుకున్యాక పలక ఇడిసిపెట్టినాడు. నాకు మా తాత రొంత నేర్పించినాడు, సిన్నప్పుడు."

"ఆయన పేరు?"

"మునెయ్య సార్. వాళ్ల తాతా మునెయ్యే. మా ఇంట్లో మునెయ్యలకేం కరువు లేదు."

అని, రెండడుగులు వేసి, ఆగిపోయాడు. తిరుమలయ్య అప్పటికే ఆగి ఉన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పక్కనే బోరింగు దగ్గర ఎవరో బిందె కడుగుతున్నారు.

ఇట్లాంటి వార్త విన్నవాడికి గర్వం రావాలి. ఏబెల్‌కు ముందు వచ్చింది సిగ్గు. ఇంటికిపోయి గ్రేసీకి చెబితే ఆమె బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"అయితే ముప్ఫై ఏండ్లు మన ముత్తాతను కాల్చినోడి కోటు నేను ఇస్త్రీ చేసినానా?"

"ముత్తాత గాదు. ఇంగా పైన."

"పైనుంటే ఇస్త్రీ చెయ్యొచ్చునా?"

మర్నాడు ఏబెల్ నారాయణ ఇంటికి పోయాడు, మెట్ల దాకా. ఈసారి తనకు మునెయ్య వేషం ఇప్పించమని అడిగాడు. జీవితంలో ఆ ఇంట్లో అతను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నారాయణ చాలా ఆప్యాయంగా విన్నాడు.

"ఏమప్పా ఏబేలూ, ఆ మాట నువ్వడగల్లనా? కానీ నువ్వు మునెయ్య అయితే దొర ఎవురబ్బా? నీ మాదిరి ఇంగ్లీషు ఈ మండలంలో ఎవురు మాట్లాడతారు? మునెయ్య వేషానికి మా వంశీ ఉండాడులే."

వంశీ నారాయణ కొడుకు. ముప్ఫై రెండేళ్ళవాడు. తిరుపతి రోడ్డులో ప్లాట్లు అమ్ముతుంటాడు.

రెండు వారాల్లో నాటకం కొత్తగా రాశారు. ఉత్తరంలోని మునెయ్య అందులో మునిరాజు అయ్యాడు. మునిరాజు తిప్పరాజుకు స్వయానా తమ్ముడు. అన్న దండును తేవడానికి తిరుపతి వెళ్ళగా, కోటను కాపాడే భారం తన మీద వేసుకుని, క్షత్రియుడై ఉండీ పలక చేతబట్టి నాలుగు రోజులు వాయించి, దొర తుపాకికి బలవుతాడు. అంతలో తిప్పరాజు దండుతో తిరిగివస్తాడు, దొర కాళ్ళ మీద పడతాడు. అరవైఆరేళ్ళ నారాయణకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి, మొదట్లో ఒకసారి వెళ్ళి చివర్లో ఒకసారి వచ్చే తిప్పరాజు వేషం హాయిగా ఉంది. చరిత్రకు ఎంత దగ్గరగా రావచ్చో అంత దగ్గరకు వచ్చాం అని కమిటీ తృప్తి పడింది.

"నువ్వు ఎయ్యాకు," అంది గ్రేసీ.

"నేను ఎయ్యకుంటే ఇంగోడెవుడో ఏస్తాడు. వాడు మా మునెయ్యను కాలుస్తా ఉంటే నేను సూడలేను."

"నువ్వు కాలిస్తే బాగుంటాదా?"

"నేనైతే మెల్లగా కాలుస్తా," అన్నాడు ఏబెల్. కుర్చీ సంగతి అప్పుడు కూడా చెప్పలేదు.

రిహార్సల్ మొదటిరోజు వంశీ పలకను కెమెరా తగిలించుకున్నట్టు మెళ్ళో వేసుకుని వచ్చాడు. కట్టెలు రెండూ ఒకే చేత్తో పట్టుకున్నాడు. అసలు మోత స్పీకర్లో పెడతారట, అతను ఊరికే చేతులాడిస్తే చాలట. ఏబెల్ కాసేపు చూశాడు. చూడలేకపోయాడు.

"అట్ల గాదప్పా. కుడిచేతిలో కట్టె, ఎడమచేతిలో సన్నపుల్ల. పలక భుజానికి ఆనించు. ముందు గడ్డిమంట మీద కాంచల్ల, లేకుంటే పలకదు."

"నీకెట్ల తెలుసు ఏబేలూ?" అన్నాడు వంశీ.

"తెలుసులే."

మూడు సాయంత్రాలు కోటవాకిలి నీడన కూర్చుని ఏబెల్ వంశీకి పలక నేర్పించాడు. తన తాత తన చేతులు పట్టుకుని కొట్టించినట్టే వంశీ చేతులు పట్టుకుని కొట్టించాడు. వంశీ చెడ్డవాడు కాడు. చేతులు పొక్కులెక్కినా కూర్చున్నాడు. మూడోరోజుకు 'ఏబేలూ' పోయి 'అన్నా' వచ్చింది. వరస మాత్రం రాలేదు. ఒకే ఒక దెబ్బ, అదీ తడబడుతూ, వచ్చింది. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే గ్రేసీ ఆ పూట ఏబెల్‌కు అన్నం వడ్డించి, తాను తినకుండా పోయి పడుకుంది. తమ వేషం వాళ్ళు లాక్కున్నది చాలక, నేర్పించి మరీ ఇచ్చి వస్తున్నాడే అని ఆమె బాధ.

నాటకం రోజు వచ్చింది. ఏబెల్ కుర్చీలో కూర్చున్నాడు, మజ్జిగ తాగాడు, మొహానికీ మెడకూ చేతులకూ తెల్లరంగు పూయించుకున్నాడు. కోట ముందర మూడునాలుగు వేలమంది. పుత్తూరు నుంచి కూడా వచ్చారు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆడవాళ్ళ వరుసలో గ్రేసీ కూర్చుని ఉంది. ఆమెను చూసి గుర్రం మీది దొర టోపీ సరిచేసుకున్నాడు.

నారాయణ తిప్పరాజుగా తమ్ముడికి వీడ్కోలు చెప్పి తిరుపతి దారి పట్టాడు. దొర దండుతో వచ్చి, కత్తి పైకెత్తి గూడూరు బండిని మూడో నంబరు ప్లాట్‌ఫామ్ మీదికి రప్పించాడు. ఇక లోపలినుంచి పలకల మోత మొదలవ్వాలి. అది విని దొర బెదిరి వెనకడుగు వెయ్యాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

స్పీకర్లు మూగబోయాయి. వాకిట్లో నిలబడ్డ వంశీ అటూ ఇటూ చూశాడు. వేరే దారి లేక తానే కొట్టాడు. డబ్... డబ్... డబ్...

"ఎవురో తలుపు కొడతా ఉండారు, తియ్యండ్రా!" అని జనంలోంచి ఒకడు కేకేశాడు. మైదానమంతా ఘొల్లున నవ్వింది. వంశీ ముఖం మీది రంగు చెమటతో కారిపోతోంది.

ఏబెల్‌కు ముందు వంశీని చూసి జాలేసింది. ఆ జాలి మరునిమిషం ఇంకేదో అయ్యింది. ఈ చప్పుడేనా రెండు ఫిరంగులను నాలుగు రోజులు ఆపింది? దీనికి మేక కూడా దారి తప్పుకోదు. ఆ పదకొండుమంది చేతులు ఎట్లా ఆడి ఉంటాయో అతని చేతులకు తెలుసు. అతను గుర్రం దిగాడు. తిన్నగా వాకిట్లోకి నడిచి వంశీ మెళ్ళోంచి పలక తీసి తన భుజానికి ఆనించుకున్నాడు.

మొదటి దెబ్బ పడింది. రాతిగోడల మధ్య అది రెట్టింపై జనం మీదికి వచ్చింది. రెండోది, మూడోది, ఆ తర్వాత లెక్క లేదు. యాభై ఏళ్ళుగా ఆ వరస కొట్టని చేతులు ఒక్క తప్పు చెయ్యలేదు. నవ్వులు ఆగిపోయాయి. ఆది ఆంధ్రవాడ ముసలాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. వాళ్ళు ఆ వరసను చిన్నప్పుడు విన్నారు. కోటవాకిలి దెబ్బ అది. కాసేపటికి మైదానం మైదానమంతా చప్పట్లతో, ఈలలతో ఆ వరసలోనే ఊగిపోయింది.

ఏబెల్ ఆపి, రొప్పుతూ, జనంకేసి తిరిగాడు. ముప్ఫై ఏళ్ళలో దొర నోటివెంట మొదటిసారి తెలుగు వచ్చింది.

"నేను మునెయ్య మునిమనవణ్ణి! ఈ వాకిట్లో మొదటి దెబ్బ మాది!"

జనం దొరను ఎగాదిగా చూశారు. తర్వాత నవ్వు మొదలైంది. పిల్లలు ఎగిరి గంతులేశారు. మగవాళ్ళు ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. తెల్లటి మొహం, ఎర్రకోటు, నెత్తిన టోపీ, నడుముకు కత్తి ఉన్న దొర 'నేను మునెయ్య మునిమనవణ్ణి' అంటే నవ్వు రాదా మరి? తాను ఎట్లా కనబడుతున్నాడో ఏబెల్‌కు అప్పుడు తట్టింది. రంగు కింద అతని ముఖం ఎట్లా ఉందో ఎవరికీ కనబడలేదు.

ఇప్పుడతను వంశీని కాల్చాలి. తుపాకి తీశాడు. చెయ్యి లేవలేదు. వంశీ రొమ్ము విరుచుకుని నిలబడి చూశాడు, చూశాడు, ఎంతకీ తుపాకి పేలకపోయేసరికి 'అమ్మా' అని తనంతట తానే పడి చనిపోయాడు. జనం నవ్వలేక కడుపులు పట్టుకున్నారు. అంతలో తిప్పరాజు గుర్రం వచ్చింది. ఏబెల్ అలవాటు కొద్దీ మోకాళ్ళ మీద కూలి, కలిగిన అసౌకర్యానికి ఇంగ్లీషులో చింతించాడు.

"ఏం కామెడీ పెట్నావు ఏబేలూ!" అన్నాడు నారాయణ వేషం విప్పుతూ, కళ్ళు తుడుచుకుంటూ. "ముందే సెప్పుంటే మైకు పెట్టించుందును గదప్పా!"

ఇంటికొచ్చాక ఏబెల్ ముఖం కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. గ్రేసీ కొబ్బరినూనె గిన్నె తెచ్చి పక్కన కూర్చుంది.

"సేతులు నొస్తా ఉండాయా?"

"రొంత."

ఆమె అతని కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మణికట్టు నుంచి భుజం దాకా నూనె రుద్దింది. పెళ్ళయిన ముప్ఫై అయిదేళ్ళలో అతను ఎన్నో పార్సిళ్ళు మోసి చేతుల నొప్పితో వచ్చాడుగానీ, ఆమె ఇట్లా రుద్దింది లేదు.

ఆ వారంలోనే 'పలక దొర' వీడియో తమిళనాడు సరిహద్దున ఉన్న తడ దాకా పాకింది. రేణిగుంట స్టేషన్లో పాత స్నేహితులు ఫోన్లు చేసి నవ్వారు. తిరుమలయ్య ఒక్కడే నవ్వలేదు. పుస్తకం త్వరగా తేవాలని పట్టుబట్టి, దసరాకల్లా తెచ్చాడు. పద్నాలుగో పేజీలో ఉత్తరం పూర్తిగా ఉంది. కింద మునెయ్య ఎవరో, అతని వంశంవాళ్ళు ఇప్పుడు ఏ వీధిలో ఉన్నారో, వాకిట్లో మొదటి దెబ్బ హక్కు ఎందుకు వచ్చి ఉంటుందో అంతా ఉంది. అచ్చు వేయించింది నారాయణ కాబట్టి అట్ట మీద గుర్రం ఎక్కిన నారాయణ ఫొటో ఉంది. మద్దిపాళెంలో ఆ పుస్తకం లేని ఇల్లు లేదు. అట్ట అందరూ చూశారు.

మరుసటి ఏడు జాతర నెలరోజులు ఉందనగా నారాయణ కబురంపాడు. ఏబెల్ పోయేసరికి వరండాలో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒంటిమీద రంగు లేకుండా ఆ కుర్చీలో కూర్చోవడం ఏబెల్‌కు కొత్త. వెనక్కి ఆనుకోవాలో వద్దో తెలియక ముందుకు వంగి కూర్చున్నాడు.

"ఈ తూరి ఆ పలక సీను పెంచుదామబ్బా. పోస్టరులో నీ ఫొటో ఏయిస్తా ఉండా. 'హాస్యరసం: పలక దొర ఏబేలు' అని. పోయిన తూరి జనం ఎంత నవ్వినారో సూస్తివి గదా?"

ఏబెల్ కుర్చీ చేతుల మీద చేతులు పెట్టాడు. "ఏస్తానన్నా. ఒగటే మాట. 'నేను మునెయ్య మునిమనవణ్ణి' అనేది తియ్యగూడదు."

"అది తీసేస్తే నవ్వెట్ల వస్తాదప్పా?" అన్నాడు నారాయణ, నిజంగానే విస్తుపోయి.

అట్లా ఒప్పందం కుదిరింది. ఊళ్ళో ఎవరూ నమ్మని నిజాన్ని ఏటా ఒకసారి, మైకులో, మూడువేలమంది ముందర చెప్పుకునే హక్కు ఏబెల్‌కు కమిటీ తీర్మానంతో సహా దక్కింది. "ఇదేం గెలుపు?" అని గ్రేసీ అడిగింది. "ముప్ఫై ఏండ్లు ఓడినోడికి ఇది జాస్తే," అన్నాడు.

నాటకం రోజు మైదానం పట్టనంత జనం. ఈసారి జనరేటరు తెచ్చారు గానీ స్పీకర్లో మోత ఎవరికీ అక్కర్లేకపోయింది. ఏబెల్ గుర్రం దిగాడు, వాకిట్లోకి నడిచాడు, పలక అందుకున్నాడు. దొర సిపాయిల వేషాల్లో ఉన్న ఆది ఆంధ్రవాడ కుర్రాళ్ళు కూడా తుపాకులు కింద పెట్టి కాళ్ళాడించారు. తర్వాత ఏబెల్ జనంకేసి తిరిగి తన మాట చెప్పాడు. వాళ్ళు ముందే నేర్చుకుని వచ్చినట్టు అతనితో కలిసి అరిచి మరీ నవ్వారు. అతను తుపాకి ఎత్తలేదు. వంశీ తనంతట తాను పడిపోయాడు. అంతా పోయినేటి మాదిరే జరిగింది.

మునిరాజు శవం దగ్గర దొర ఒక మోకాలు మీద వంగాలి. ఏబెల్ వంగాడు. శవం ఒక కన్ను తెరిచింది.

"అన్నా," అన్నాడు వంశీ పెదవులు కదలకుండా, "సారు పుస్తకంలో పద్నాలుగో పేజీ సదివినా. నువ్వనేది నిజమేనా?"

మైదానం ఇంకా నవ్వుతూనే ఉంది. అవతల గుర్రపు డెక్కల చప్పుడు మొదలైంది.

"నిజమే," అన్నాడు ఏబెల్. "కండ్లు మూసుకో. మీ నాయన వస్తా ఉండాడు."